ఫైర్ అలారం ప్యానెల్‌కు బ్యాటరీ బ్యాకప్: లాబీ ఇన్వర్టర్ సరిపోతుందా, ఎన్ని ఏహెచ్ పెట్టాలి?

సెక్రటరీ గారూ, మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్‌లో సెల్లార్, స్టిల్ట్, పైన ఐదు అంతస్తుల అపార్ట్‌మెంట్. ఎనిమిది జోన్ల (బిల్డింగ్‌ను ఎనిమిది భాగాలుగా చూసే) కన్వెన్షనల్ ఫైర్ అలారం ప్యానెల్ కొత్తగా పెట్టించుకుంటున్నారు. ఒక వెండర్ 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో ఎంత నిల్వ ఉంటుందో చెప్పే కొలత) బ్యాటరీలు రెండు చాలన్నాడు. ఇంకొకతను ఎందుకైనా మంచిదని 26 ఏహెచ్ కోట్ చేశాడు. మీ ట్రెజరర్ గారేమో లాబీకి ఎలాగూ ఇన్వర్టర్ ఉంది కదా, ప్యానెల్‌ని దానికే కలిపేస్తే బ్యాటరీల ఖర్చు తప్పుతుంది అంటున్నారు. ఎవరి మాట వినాలి, బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి, పాత ప్యానెల్ బ్యాటరీలను ఏం చేయాలి?

నేను చాలా ఏళ్లుగా ఈ ప్యానెళ్లు బిగించి, కమిషన్ చేసి, ఏఎంసీలు (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులు) చూస్తున్నాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఇన్వర్టర్ వద్దు. 7 ఏహెచ్ చాలదు. 26 ఏహెచ్‌ను మీ ప్యానెల్‌లోని చార్జర్ నింపలేదు. మీ లెక్కకు 12 వోల్టుల 12 ఏహెచ్ బ్యాటరీలు రెండు సరిపోతాయి. రెండింటినీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలుపుతాం, వోల్టులు 24 అవుతాయి, ఏహెచ్ మాత్రం ఒక్క బ్యాటరీదే లెక్క. ఎందుకో ఒక్కొక్కటే చెప్తాను, ఎందుకంటే రేపు మీటింగ్‌లో మీరు దీన్ని మిగతావాళ్లకు వివరించాలి.

ఇన్వర్టర్ మాట ముందు తేలుద్దాం, చాలా అపార్ట్‌మెంట్లలో ఇదే జరుగుతోంది కాబట్టి. మంటలు లేచినప్పుడు ఎవరైనా చేసే మొదటి పని మెయిన్ ఆఫ్ చేయడం. వాచ్‌మన్ చేస్తాడు, లేదా ఫైర్ ఇంజన్ వచ్చాక వాళ్లు చేయిస్తారు. నీళ్లు కొట్టే చోట కరెంటు ఉండకూడదు కాబట్టి జనరేటర్‌నీ ఆపిస్తారు, ఇన్వర్టర్‌నీ ఆపిస్తారు. అంటే అలారం మోగుతూ ఉండాల్సిన ఆ పది, ఇరవై నిమిషాల్లోనే బయటి నుంచి వచ్చే ప్రతి సప్లయ్ పోతుంది. అప్పుడు మిగిలేది ప్యానెల్ డబ్బాలో ఉన్న రెండు బ్యాటరీలే. మీ బ్లాక్‌లో రాత్రి రెండు గంటలకు సెల్లార్‌లో స్కూటర్ అంటుకుంటే ఐదో అంతస్తులో పడుకున్న వాళ్లకు మంట కనపడదు, మెట్ల మీదుగా పొగ వస్తుంది. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడకే పోయారు. పొగ కన్నా ముందు హూటర్ (అలారం సైరన్) చప్పుడు చేరాలి, కరెంటు ఉన్నా లేకపోయినా చేరాలి.

ఇన్వర్టర్‌తో ఇంకో ఇబ్బంది ఉంది, అది బయటికి కనిపించదు. ఇన్వర్టర్ ఇచ్చేది 230 వోల్టుల ఏసీ. ప్యానెల్‌కు అది మామూలు కరెంటులాగే కనిపిస్తుంది. కాబట్టి కరెంటు పోయి మూడు గంటలైనా ప్యానెల్ మీద మెయిన్స్ ఫెయిల్ లైటు వెలగదు. లాబీ లైట్లు, సీసీ కెమెరాలు, గేటు మోటారు, అన్నీ కలిసి ఆ ఇన్వర్టర్ బ్యాటరీని లాగేస్తూ ఉంటాయి. ఒక దశలో ఇన్వర్టర్ టక్కున ట్రిప్ అవుతుంది, ప్యానెల్ కూడా దానితోపాటే ఆరిపోతుంది. ముందుగా హెచ్చరిక ఉండదు. అదే ప్యానెల్‌కు సొంత బ్యాటరీ ఉంటే చార్జర్ దాన్ని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటుంది. వైరు ఊడినా, వోల్టేజీ పడిపోయినా పసుపు లైటు వేసి బజర్ మోగిస్తుంది.

ట్రెజరర్ గారికి ఒక రాజీ మార్గం చెప్పండి. ప్యానెల్‌కు వెళ్లే మెయిన్స్ లైన్‌ను జనరేటర్ బ్యాకప్ ఉన్న బోర్డు నుంచి తీసుకోవచ్చు, అది మంచిదే, రోజువారీ కోతల్లో బ్యాటరీ మీద భారం తగ్గుతుంది. కానీ అది బ్యాటరీకి బదులు కాదు, అదనం.

ఇక ఎన్ని ఏహెచ్ అన్నది. ఇక్కడ అంచనాలతో పని లేదు, కూడికలు గుణకారాలు చాలు. మన దగ్గర కన్సల్టెంట్లు, టెండర్లు సాధారణంగా అడిగేది కరెంటు పోయాక 24 గంటలు ప్యానెల్ మామూలుగా కాపలా కాయాలి, ఆ తర్వాత కూడా 30 నిమిషాలు హూటర్లన్నీ మోగించగలగాలి. బ్రిటిష్ కోడ్ బీఎస్ 5839 ప్రాణ రక్షణకు పెట్టే సిస్టమ్‌లకు మామూలుగా తీసుకునేది కూడా ఇదే. అమెరికా కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 72లో 24 గంటలు అలాగే ఉంటుంది, అలారం మాత్రం 5 నిమిషాలు, మాటలతో హెచ్చరించే సిస్టమ్ అయితే 15 నిమిషాలు. మన కోడ్ ఐఎస్ 2189. మీ ఫైర్ ఎన్‌వోసీలో, కన్సల్టెంట్ స్పెసిఫికేషన్‌లో రాసి ఉన్న గంటలు ఇంతకన్నా ఎక్కువైతే వాటినే పట్టుకోండి.

మీరు పంపిన మెటీరియల్ లిస్టు, ప్యానెల్ మాన్యువల్ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మామూలు స్థితిలో ప్యానెల్ బోర్డు తాగేది 120 మిల్లీ ఆంపియర్లు. ప్రతి జోన్ చివర 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, 24 వోల్టుల దగ్గర అది ఒక్కొక్కటి 5 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, ఎనిమిది జోన్లకు 40. దీన్ని చాలామంది లెక్కలో మరిచిపోతారు. డిటెక్టర్లు 60, ఒక్కోటి 0.1 చొప్పున అన్నీ కలిపినా 6 మాత్రమే. గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో పెట్టే రిపీటర్‌కు (ప్యానెల్‌లో కనిపించేదే అక్కడా చూపించే డబ్బా) 50, అలారం వస్తే సిమ్‌తో ఫోన్ చేసే జీఎస్ఎం డయలర్‌కు 60. మొత్తం 276, అంటే 0.28 ఆంపియర్లు అనుకోండి. అలారం మోగితే ఒక్కో హూటర్ 90 మిల్లీ ఆంపియర్లు, 14 హూటర్లకు 1.26 ఆంపియర్లు. దానికి ఈ 0.28, అలారంలో పని చేసే రిలేలు, లైట్లు కలిపితే 1.8 దగ్గర తేలుతుంది.

24 గంటలను 0.28తో గుణిస్తే 6.72. అర గంటను 1.8తో గుణిస్తే 0.9. మొత్తం 7.62 ఏహెచ్. ఇక్కడే చూడండి, 7 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైనా 24 గంటల కాపలాకే దాదాపు ఖాళీ అవుతుంది, హూటర్లు మోగాల్సిన సమయానికి అందులో సరిపడా ఉండదు. ఆ వెండర్ బహుశా డిటెక్టర్ల కరెంటు మాత్రమే చూసి చెప్పి ఉంటాడు.

లెక్క ఇంకా అయిపోలేదు. బ్యాటరీ మీద రాసే ఏహెచ్ 20 గంటల పాటు నెమ్మదిగా ఖాళీ చేస్తేనే వచ్చేది. 12 ఏహెచ్ బ్యాటరీ నుంచి 0.6 ఆంపియర్ల కన్నా ఎక్కువ లాగితే మొత్తం దక్కదు. అందుకే బ్రిటిష్ కోడ్‌లో అలారం భాగాన్ని 1.75తో పెంచి చూడమంటారు. 0.9 కాస్తా 1.58 అవుతుంది, మొత్తం 8.3. బ్యాటరీ పాతబడే కొద్దీ తగ్గే శక్తికి 25 శాతం కలిపితే 10.4. బజారులో దొరికే తర్వాతి సైజు 12 ఏహెచ్. అంతే.

మరి 26 ఏహెచ్ పెడితే నష్టమేంటి, ఎక్కువ ఉంటే మంచిదే కదా అని మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మీ ప్యానెల్ లేబుల్ మీద చార్జర్ 0.7 ఆంపియర్లు అని ఉంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 54లో నాలుగో భాగం ప్రకారం ఖాళీ అయిన బ్యాటరీ 24 గంటల్లో 80 శాతం నిండాలి. 26 ఏహెచ్‌కు 80 శాతం అంటే 20.8, దాన్ని 24 గంటల్లో నింపాలంటే నష్టాలు పక్కన పెట్టినా 0.87 ఆంపియర్లు కావాలి. మీ చార్జర్ వల్ల కాదు. ఎండాకాలం రెండు రోజులు వరుసగా కోతలు పడితే ఆ పెద్ద బ్యాటరీ సగం ఖాళీగానే ఉండిపోతుంది, అలా ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ త్వరగా చెడిపోతుంది. 12 ఏహెచ్‌కు 0.4 ఆంపియర్లు చాలు, హాయిగా నిండుతుంది. ఏ ప్యానెల్ మాన్యువల్‌లోనైనా ఇంతకు మించి పెట్టొద్దని ఒక గరిష్ఠ సైజు రాసి ఉంటుంది. నిజంగా పెద్ద బ్యాటరీ అవసరమైతే దానికి తగ్గ చార్జర్‌తో విడిగా ఫైర్ అలారం పవర్ సప్లయ్ యూనిట్ తీసుకోవాలి.

బ్యాటరీ కొనేటప్పుడు సీల్డ్ లెడ్ యాసిడ్, అదే మనం ఎస్ఎంఎఫ్ అనేది తీసుకోండి. రెండూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే బ్యాచ్ ఉండాలి. ఒకటి పాతది ఒకటి కొత్తది కలిపి సిరీస్‌లో పెడితే పాతది కొత్తదాన్ని కూడా లాక్కుపోతుంది. అందుకే మార్చినప్పుడు కూడా జతగానే మార్చాలి. షాపులోనే మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.7 వోల్టుల పైన చూపిస్తే తీసుకోండి, 12.4 కన్నా తక్కువైతే అది చాలా కాలం షెల్ఫ్‌లో పడి ఉన్న సరుకు, వద్దనండి. కారు బ్యాటరీ, లిథియం బ్యాటరీ పెట్టేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. లిథియం చార్జింగ్ తీరు వేరు, అందులోని రక్షణ సర్క్యూట్ ఎప్పుడు కట్ చేస్తుందో ప్యానెల్‌కు తెలియదు. ప్యానెల్ తయారీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప దాని జోలికి వెళ్లకండి.

ఎక్కడ పెట్టాలన్నది మన ఎండలకు పెద్ద విషయం. ఈ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్కేసి చెబుతారు. ఆపైన పెరిగే దాదాపు ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సగానికి పడిపోతుంది. రేకుల కప్పు కింద ఉన్న సెక్యూరిటీ గదిలో మే నెల మధ్యాహ్నం లోపల చేయి పెడితే కాలుతుంది. అక్కడ ఐదేళ్లు రావాల్సిన బ్యాటరీ రెండేళ్లకే పోతుంది. గ్రౌండ్ ఫ్లోర్ లాబీలో, స్లాబ్ కింద, ఎండ పడని గోడకు ప్యానెల్ పెట్టించండి. ట్రాన్స్‌ఫార్మర్ గది, జనరేటర్ గది, మీటర్ బోర్డుల పక్కన వద్దు. చుక్క నీరు పడే పైపుల కింద అసలే వద్దు. బ్యాటరీ డబ్బాకు గాలి ఆడే సందులు ఉండాలి. సీల్డ్ అన్నారు కదా అని గాలి చొరని పెట్టెలో పెట్టకూడదు, ఓవర్‌చార్జ్ అయితే వీటి వాల్వుల నుంచి కూడా హైడ్రోజన్ బయటికి వస్తుంది.

మెయిన్స్ లైన్‌కు మూడు పిన్నుల ప్లగ్గు పెట్టనివ్వకండి. ప్లగ్గు ఉంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఫోన్ చార్జింగ్ కోసం దాన్ని పీకుతారు. బోర్డు నుంచి విడిగా డబుల్ పోల్ ఎంసీబీ, అక్కడి నుంచి నేరుగా ప్యానెల్ టెర్మినల్‌కు ఎర్త్‌తో సహా మూడు వైర్లు, మధ్యలో స్విచ్ ఏమీ ఉండకూడదు. ఆ ఎంసీబీ దగ్గర ఎర్ర అక్షరాలతో ‘ఫైర్ అలారం, ఆఫ్ చేయరాదు’ అని తెలుగులోనూ, వాచ్‌మన్ హిందీ చదివేవాడైతే హిందీలోనూ రాయించండి. మోటారుకో గీజర్‌కో షాక్ కొడితే పడిపోయే ఆర్‌సీసీబీ కింద ఈ లైను ఉండకూడదు.

ఇక కలిపే పద్ధతి. ఇది లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్, ప్యానెల్ కంపెనీ టెక్నీషియన్ కలిసి చేయాల్సిన పని, మీరు పక్కన నిలబడి చూడండి. ముందు ఎంసీబీ ఆఫ్. ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టాలి, పట్టకారుకు ఇన్సులేషన్ ఉండాలి. 24 వోల్టులు మనిషికి షాక్ కొట్టకపోవచ్చు కానీ రెండు టెర్మినళ్ల మధ్య స్పానర్ అడ్డం పడితే వందల ఆంపియర్లు పారి ఎర్రగా కాలుతుంది. రెండు బ్యాటరీల మధ్య వేలెడంత సందు ఉంచి డబ్బాలో నిలబెట్టాలి. ఒకదాని ప్లస్ నుంచి రెండోదాని మైనస్‌కు లింకు వైరు. మిగిలిన ప్లస్, మైనస్ ప్యానెల్‌కు. వైరును మెలితిప్పి టెర్మినల్‌కు చుట్టడం కాదు, సరైన సైజు లగ్ పెట్టి క్రింప్ చేయాలి, క్రింప్ చేశాక చేత్తో గట్టిగా లాగి చూడాలి. ప్లస్ వైరులో ప్యానెల్ మాన్యువల్ చెప్పిన ఫ్యూజు తప్పనిసరి. చాలా ప్యానెళ్లలో ముందు మెయిన్స్ ఆన్ చేసి తర్వాత బ్యాటరీ కలపాలి, కొన్ని ప్యానెళ్లు బ్యాటరీ ఒక్కదానితో అసలు స్టార్ట్ కావు. మీ మాన్యువల్‌లో ఏ వరస ఉంటే అదే పాటించండి.

కలిపాక, బ్యాటరీ పూర్తిగా నిండిన మర్నాడు టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెడితే రెండింటికీ కలిపి 27.0 నుంచి 27.6 వోల్టుల మధ్య ఉండాలి. ఒక్కోదాని మీద విడిగా చూస్తే 13.5 నుంచి 13.8. ఒకటి 13.2, ఇంకొకటి 14.2 చూపిస్తే జతలో తేడా ఉన్నట్టే. గది వేడిగా ఉంటే ఈ వోల్టేజీ తగ్గాలి, ఒక్కో డిగ్రీకి 24 వోల్టుల జతకు సుమారు 36 మిల్లీ వోల్టులు. 40 డిగ్రీల గదిలో అర వోల్టు తక్కువ ఉండాలన్నమాట. మంచి ప్యానెళ్లలో టెంపరేచర్ సెన్సర్ ఉండి అదే సరిచేసుకుంటుంది. లేని ప్యానెల్‌ను వేడి గదిలో పెడితే బ్యాటరీలు ఉబ్బుతాయి.

చాలామంది వదిలేసే పరీక్ష ఒకటి ఉంది, దాన్ని గట్టిగా అడిగి చేయించుకోండి. హూటర్లను కరెంటు ఉన్నప్పుడు మోగించి చూపిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు, సంతకాలు అయిపోతాయి. కరెంటు ఉన్నప్పుడు ప్యానెల్ దగ్గర 27 వోల్టులు ఉంటాయి. బ్యాటరీ చివరి దశకు వచ్చేసరికి అది 21కి దిగుతుంది, ప్యానెల్ లోపలే ఇంకో వోల్టు పోతుంది. మీ హూటర్ మీద కనీసం 18 వోల్టులు కావాలని రాసి ఉంది. మీ టెర్రస్ హూటర్ ప్యానెల్‌కు 80 మీటర్ల దూరం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకు 12.1 ఓమ్‌లు, పోయి రావడానికి 160 మీటర్లు, అంటే 1.94 ఓమ్‌లు. ఏడు హూటర్లు ఒక లైను మీద ఉంటే 0.63 ఆంపియర్లు, వైరులో పోయేది 1.2 వోల్టులు. చివరి హూటర్‌కు 18.8 అందుతుంది, మోగుతుంది. పద్నాలుగూ ఒకే లైను మీద వేస్తే పోయేది 2.4 వోల్టులు, అందేది 17.6. ఎవరైనా ఖర్చు తగ్గించి 0.5 సైజు వైరు లాగితే ఏడు హూటర్లకే 16.4 మిగులుతుంది. ఆ రెండు చోట్లా కరెంటు ఉన్నప్పుడు బ్రహ్మాండంగా మోగే టెర్రస్ హూటర్ నిజంగా అవసరమైన రోజు మూగబోవచ్చు. కాబట్టి హూటర్లను రెండు లైన్లుగా విడదీయించండి, వైరు 1.5కు తగ్గనివ్వకండి, ఫైనల్ టెస్ట్ మెయిన్స్ ఆఫ్ చేసి బ్యాటరీ మీదే చేయించండి. ఇంకో మాట, ఎఫ్ఆర్ఎల్ఎస్ అని రాసి ఉన్న వైరు మంటను త్వరగా వ్యాపింపనివ్వదు, అంతేగానీ మంటలో కాలుతూ కూడా పని చేస్తుందని కాదు. హూటర్ లైన్లకు బడ్జెట్ ఒప్పుకుంటే ఫైర్ సర్వైవల్ కేబుల్ అడగండి.

పూర్తి టెస్ట్ అంటే ఒక ఉదయం ఎంసీబీ ఆఫ్ చేసి, మర్నాడు ఉదయం దాకా అలాగే ఉంచి, ఆ తర్వాత అన్ని హూటర్లూ అర గంట మోగించడం. చివర్లో బ్యాటరీ వోల్టేజీ 21కి తగ్గకూడదు. ముందు రోజే వాట్సాప్ గ్రూపులో పెట్టండి, పెద్దవాళ్లు, గుండె జబ్బులున్నవాళ్లు ఉన్న ఇళ్లకు వెళ్లి నేరుగా చెప్పండి. టెస్ట్ అయ్యాక బ్యాటరీ ఖాళీగా ఉంటుంది, నిండడానికి ఒక రోజు పైనే పడుతుంది, ఆ ఒక్క రోజు బిల్డింగ్‌కు బ్యాకప్ లేనట్టే. కాబట్టి దీపావళి ముందు రోజు ఈ పని పెట్టుకోకండి. ఏటా ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందు చేయడం నాకు అలవాటు.

నెలకోసారి అయితే ఇంత అక్కర్లేదు. ఎంసీబీ ఆఫ్ చేసి మెయిన్స్ ఫెయిల్ లైటు వస్తోందా, ఒక ఎంసీపీ (మంట చూసినవాళ్లు చేత్తో నొక్కే అలారం డబ్బా) నొక్కితే హూటర్లు బ్యాటరీ మీద మోగుతున్నాయా చూస్తే చాలు. తర్వాత కరెంటు పెట్టి, బ్యాటరీ వైరు ఒకటి తీసి చూడండి. బ్యాటరీ ఫాల్ట్ రావాలి. కొన్ని ప్యానెళ్లు కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, పావుగంట ఆగినా రాకపోతే ప్యానెల్ బ్యాటరీని పట్టించుకోవడం లేదని అర్థం. చార్జర్ కలిపి ఉండగా 13.6 వోల్టులు చూపించిందని ఏఎంసీ అబ్బాయి ‘బ్యాటరీ ఓకే’ అని రాసి వెళ్తే ఒప్పుకోకండి. అది చార్జర్ వోల్టేజీ, బ్యాటరీది కాదు. లోపల శక్తి మిగిలిందా లేదా అన్నది లోడు పెడితేనే తెలుస్తుంది. డబ్బా పక్కలు ఉబ్బినా, టెర్మినళ్ల మీద తెల్లటి, ఆకుపచ్చటి పొడి కనిపించినా టెస్ట్ కూడా అక్కర్లేదు, మార్చేయండి. మన వేడికి మూడేళ్లు దాటిన జతను టెస్ట్‌లో పాసైనా మార్చమనే చెప్తాను. బ్యాటరీ మీద పెట్టిన తేదీ చెరగని మార్కర్‌తో రాయించండి.

పసుపు లైటు వెలిగి బజర్ మోగుతుంటే విసుగొచ్చి బజర్ వైరు కత్తిరించేసిన బిల్డింగులు నేను చాలా చూశాను. మీ వాచ్‌మన్‌కు ఒక్క విషయం నేర్పండి. బజర్ మోగితే సైలెన్స్ బటన్ నొక్కి, అదే గంటలో మీకు ఫోన్ చేయాలి. జీఎస్ఎం డయలర్‌ను గోడ సాకెట్‌లో అడాప్టర్ పెట్టి నడపకుండా ప్యానెల్‌లోని 24 వోల్టుల ఆగ్జిలరీ అవుట్‌పుట్ నుంచే కలిపించండి. దాని 60 మిల్లీ ఆంపియర్లు పైన లెక్కలో వేసేశాను. సిమ్‌కు రీచార్జ్ చేసే బాధ్యత ఎవరిదో రిజిస్టర్‌లో పేరు రాసి పెట్టండి.

పాత ప్యానెల్ బ్యాటరీలు చెత్తబండికీ, పాత ఇనుప సామాన్ల వాళ్లకూ ఇవ్వకండి. వాళ్లు పగలగొట్టి సీసం తీసుకుని యాసిడ్‌ను కాలువలో పారబోస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. కొత్తవి కొనే డీలర్‌కే పాతవి ఇచ్చి బిల్లులో వాటి ధర తగ్గించుకోండి. అప్పటిదాకా టెర్మినళ్లకు టేపు చుట్టి, పిల్లలకు అందని చోట నిలబెట్టి ఉంచండి.